నాలుగు రోజుల ట్రెక్: బ్యాగు 17 కిలోలకు తగ్గట్లేదు, ప్లాన్ కుదరట్లేదు, ఎవరైనా చెప్పండప్పా

గుత్తి బాటసారి:
పొద్దున టిఫిన్ చేసి కూర్చున్నవాణ్ణి, సాయంత్రమైంది, తల వేడెక్కిపోయింది. నేషనల్ పార్కులో నాలుగు రోజుల నడక, టెంట్లు మేమే మోసుకోవాలి. ఫోన్ మ్యాప్ చూస్తే మొదటి రోజు దారి రెండు గంటలే అంటోంది, వీడియోల్లో జనం చూస్తే పొద్దుగూకే దాకా నడుస్తున్నారు. ఎవరిది నమ్మాలి? ఇంక బ్యాగు. బియ్యం, పప్పు, స్టవ్వు, రెండు గ్యాస్ డబ్బాలు, టెంటు, అన్నీ కావాల్సినవే, ఏది తీసినా 17 కిలోల కిందికి రాదు. పర్మిషన్ సంగతి సరేసరి, ఒకచోట గేటు దగ్గరే ఇస్తారని ఉంది, ఇంకోచోట ముందే తీసుకోవాలని ఉంది. నలుగురం, అందరికీ కొండలు అలవాటే. పోయొచ్చినవాళ్లు చెప్పండి. "నెట్‌లో వెతుకు" అనొద్దు, వెతికి వెతికి కళ్లు మండుతున్నాయి.

కొట్టాల మామ:
ఏ పార్కు? ఏ నెల?

పాలకొండ పక్షి:
శేషాచలం గురించే అయితే టెంటు మాట మర్చిపోండి. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం అయింది, 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ కూడా అయింది. అడవిలో మీ ఇష్టమొచ్చిన చోట టెంటు వేసుకుని పడుకుంటే ఎర్రచందనం దొంగలనుకుని ముందు పట్టుకుంటారు, తర్వాత మాట్లాడతారు. తలకోనలో బస ఉంది, అక్కడ దిగి పగలు తిరిగి రావడమే. అయినా మనవాళ్లకి కొండ అంటే శేషాచలం ఒక్కటే గుర్తొస్తుంది, ఇటు లంకమల ఉందని కడప వాళ్లకే తెలీదు. ప్రపంచంలో లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ లంకమల దగ్గరే. ఆ పిట్ట రాత్రుళ్లు తిరుగుతుంది, ముళ్లపొదల మధ్య ఖాళీ నేల ఉంటేనే బతుకుతుంది. అట్లాంటి నేషనల్ పార్కు ఇంటి పక్కన పెట్టుకుని, టెంట్లు, స్పీకర్లు, బిర్యానీ పొట్లాలు...

ప్లీడరు గుమాస్తా:
లంకమల నేషనల్ పార్కు కాదు, అభయారణ్యం. రెండూ ఒకటి కాదు.

పాలకొండ పక్షి:
పిట్టకు తెలుసా సార్ ఆ తేడా?

ప్లీడరు గుమాస్తా:
పిట్టకు తెలియకపోయినా గొర్రెలు మేపుకునేవాడికి తెలుస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పశువుల మేతకు అనుమతి ఇచ్చే వీలుంది, నేషనల్ పార్కులో లేదు. లోపలికి పోవడానికి మాత్రం రెండింటికీ అనుమతి కావాల్సిందే. అనుమతి గురించి అడిగినోడికి అన్నీ కలిపేసి చెప్తే ఎట్లా?

కొట్టాల మామ:
ప్రొద్దుటూరు దగ్గర రామేశ్వరంలో కూడా నేషనల్ పార్కు ఉంది. రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. నాలుగు రోజులు అక్కడ నడవమనండి.

గుత్తి బాటసారి:
అయ్యో సామీ, శేషాచలం అని నేనెక్కడన్నాను? హిమాచల్‌లో గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్, తీర్థన్ లోయ వైపు. అందరూ పోయేది అదే కదా. గుషైని ఊరి నుంచి రోల్లా క్యాంపు, అక్కడి నుంచి శిల్ట్ క్యాంపు, ఒక రోజు పైన ఉండి దిగడం. అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి బస్సు.

కొట్టాల మామ:
నెల?

పెనుకొండ మెట్లు:
తమ్ముడూ, ముందు ఆ ఫోన్ మ్యాప్ పక్కన పెట్టు. కొండ దారికి అది చెప్పే టైము నమ్మలేం. కొండ నడకకు పాత లెక్క ఒకటుంది, 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పింది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అది కూడా తేలిగ్గా నడిచే గట్టి మనుషులకి, వీపు మీద మూటతో పోయే మనకు దానికి సగం మళ్లీ కలుపుకోవాలి. రోల్లా దాదాపు 2,100 మీటర్లు, శిల్ట్ దాదాపు 3,100. అంటే ఆ ఒక్క రోజే వెయ్యి మీటర్లు, అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కేదానికంటే ఎక్కువ, మెట్లు కూడా ఉండవు. అందుకని ఆ రోజు పొద్దున్నే బయల్దేరండి, ఇంకే పనీ పెట్టుకోవద్దు. మీ ప్లాన్‌లో పైన ఒక రోజు ఆగుతామన్నారు చూడు, అది మంచి పని, దాన్ని మాత్రం తీసేయొద్దు. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. తలనొప్పి, వాంతి వస్తున్నట్టు ఉంటే ఆ పైకి ఒక్క అడుగు వేయొద్దు, తగ్గకపోతే దిగిపోండి. కొండలు అలవాటే అన్నావు, మన పెనుకొండ కోట ఎక్కడం ఊపిరికి, కాళ్లకి మంచిదే కానీ ఎత్తుకు అలవాటు చేయదు. మాత్రల సంగతి డాక్టర్నే అడగండి, ఇక్కడ ఎవరో చెప్పారని మింగొద్దు.

పర్మిట్ సాయి రోపా అనే చోట పార్కు ఆఫీసు ఇస్తుంది, బంజార్ నుంచి గుషైని పోయే దారిలోనే ఉంటుంది. మనాలి బస్సులో ఔట్ అనే ఊరి దగ్గర దిగి బంజార్ బస్సు పట్టుకోవాలి, మనాలి దాకా పోతే వెనక్కి రావాలి. గుర్తింపు కార్డుల జిరాక్సులు పెట్టుకోండి. గైడ్‌ను ఆ ఊళ్లవాళ్లనే పెట్టుకోండి. ఆ అడవిలో గొర్రెలు మేపుకుని, మూలికలు ఏరుకుని బతికినవాళ్లు, 1999లో పార్కు పూర్తిగా నోటిఫై అయ్యాక ఆ హక్కులు పోయాయి, ఇప్పుడు ట్రెక్కర్ల మీద వచ్చేదే ఆధారం చాలామందికి.

ప్లీడరు గుమాస్తా:
నేను పైన చెప్పింది ఇదే.

ఉగ్గాణి అక్క:
17 కిలోలు బియ్యం, పప్పు వల్లే తమ్ముడూ. 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే కాగిపోతాయి, పప్పు ఎంతసేపు పెట్టినా గింజ గింజే. రెండు డబ్బాల గ్యాస్ దానికే అయిపోతుంది. బొరుగులు తీసుకుపో, తడిపి తాలింపు వేస్తే ఉగ్గాణి, బరువే ఉండవు. అటుకులు, సేమ్యా, ఇంట్లోనే వేయించిన ఉప్మా రవ్వ. చెనిక్కాయల చిక్కీ జేబులో పెట్టుకుంటే నడుస్తూ తినొచ్చు, అనంతపురం వాళ్లకి చెనిక్కాయల గురించి నేను చెప్పాలా. ఎర్రకారం చిన్న డబ్బాలో, సీసాలో కాదు. సంగటి కావాలంటే రాగిపిండి జావ కాచుకో, ముద్ద చేయబోతే గిన్నె మాడుతుంది, అక్కడ తోమడానికి నీళ్లు మంచుగడ్డల్లా ఉంటాయి. నలుగురికీ వంట ఒక్కటే కదా, స్టవ్వు ఒకరు, టెంటు పుల్లలు ఒకరు, టెంటు గుడ్డ ఒకరు పంచుకోండి. నీ బరువులో ఐదో వంతు దాటితే మోకాళ్లు తిడతాయి.

పెనుకొండ మెట్లు:
అక్క చెప్పింది నూటికి నూరు. గ్యాస్ డబ్బాలు రైల్లో ఎక్కించొద్దు. రైల్వే వాళ్లు ఒప్పుకోరు, విమానంలో అసలే కుదరదు. స్టవ్వు ఖాళీగా తీసుకుపో, డబ్బాలు ఢిల్లీలోనో కుల్లూలోనో కొను.

గుత్తి బాటసారి:
డబ్బాలు ఆల్రెడీ కొనేశాం కదన్నా. సరే, ఇక్కడే ఎవరికైనా ఇచ్చేస్తాం. నెల అడిగారు కదా మామా, జులై రెండో వారం. మా వాళ్లందరికీ సెలవు దొరికింది అప్పుడే, రైలు టికెట్లు కూడా అయిపోయాయి.

కొట్టాల మామ:
వద్దు.

పెనుకొండ మెట్లు:
ఇది మొదటి లైన్లో చెప్పాల్సింది నాయనా! జులై, ఆగస్టు అక్కడ ముసురు వానలు, కొండచరియలు. 2023 జులైలో బియాస్ నది పొంగి మండీ, కుల్లూ మధ్య హైవేనే కొట్టుకుపోయింది. దారంతా తీర్థన్ ఏటి పక్కనే మీకు. మే, జూన్ మొదట్లో, లేదంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు. అక్టోబరు అయితే రాత్రి చలి ఎక్కువ, స్లీపింగ్ బ్యాగు మీద రాసిన కంఫర్ట్ అంకె (ఎంత చలిలో హాయిగా నిద్రపడుతుందో చెప్పేది) చూసి కొను, ఎక్స్‌ట్రీమ్ అని ఇంకో అంకె ఉంటుంది, అది నిద్రపోవడానికి కాదు.

పాలకొండ పక్షి:
అక్టోబరులో పోతే వెస్టర్న్ ట్రాగోపాన్ కోసం చూడండి, జుజురానా అంటారు అక్కడ, హిమాచల్ రాష్ట్ర పక్షి. స్పీకర్లు పెట్టొద్దు.

గుత్తి బాటసారి:
మా వాళ్లను అడిగాను, ఇద్దరు సరే అన్నారు, ఒకడు టికెట్ డబ్బులు ఎవరిస్తారంటున్నాడు. అక్టోబరుకే చూస్తాం. థ్యాంక్స్ అందరికీ, అక్కకి స్పెషల్‌గా.

ఆదోని కుర్రోడు:
బ్రదర్స్, వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌లో టెంటు వేసుకోవచ్చా? ఆగస్టులో పోతున్నాం. బూట్లు ఏవి మంచివి?

కొట్టాల మామ:
లోపల రాత్రి ఉండనివ్వరు. ఘాంఘరియాలో పడుకోవాలి.

ఆదోని కుర్రోడు:
మరి బూట్లు?