కేంద్రకం అనే మాటలో గింజ ఎక్కడుంది?

తెనాలి నుంచి, చర్చ మొదలుపెట్టినవారు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. నిన్న రాత్రి పరమాణువు పాఠం చదువుకుంటూ నన్నో మాట అడిగింది. పరమాణువు మధ్యలో ఉండే న్యూక్లియస్ పేరుకు లాటిన్‌లో కాయ లోపలి గింజ అని అర్థమని వాళ్ల టీచరు చెప్పారట. "తెలుగులో కేంద్రకం అంటారన్నావు కదా నాన్నా, మరి అందులో గింజ ఎక్కడుంది?" అంది. నేను పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. కేంద్రకం అని ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. ఆ మాట ఎలా కట్టారో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

నాకు తోచింది చెప్తాను. టెంక అంటే సరిపోదా? మామిడిపండు మధ్యలో గట్టిగా ఉండేది, పిల్లలందరికీ తెలిసింది. సంస్కృతం మాట పెట్టుకుని చక్కటి పోలికను పోగొట్టుకున్నామేమోనని బాధగా ఉంది.

పలాస నుంచి

టెంక కాదండీ. లాటిన్‌లో నుక్స్ అంటే పెంకు ఉన్న కాయ. దానికి చిన్నతనం చెప్పే ప్రత్యయం చేరి న్యూక్లియస్ అయింది, అంటే పెంకు పగలగొడితే లోపల దొరికేది. మామిడిలో టెంకే పెంకు, దాని లోపల జీడి ఉంటుంది. కాబట్టి మీ పోలికలో మాట ఒక పొర పైనే ఆగిపోయింది. మా ఊళ్లో జీడిపిక్క కొట్టి లోపల్నుంచి తీసేదాన్ని పలుకు అంటాం. వేరుశనగ పలుకులు అన్నా అదే. లాటిన్ మాటకు మాట కావాలంటే 'పలుకు' సరైనది. పరమాణువు పలుకు! నోటికి ఎంత బాగుందో చూడండి.

బెంగళూరు నుంచి

ఇక్కడ కన్నడంలో గింజ పోలేదు. న్యూక్లియస్‌ను పరమాణు బీజ అంటారు, న్యూక్లియర్ విద్యుత్తును బైజిక విద్యుత్తు అంటారు. తమిళంలో అణుక్కరు: కరు అంటే పిండం, గుడ్డులోని పచ్చసొనకూ ఆ మాటే. హిందీవాళ్లు నాభిక్ అన్నారు, బొడ్డు అన్నమాట. అదీ పరమాణువుకే. జీవకణంలో ఉండేదాన్ని వాళ్లు కేంద్రక్ అంటారు. తెలుగులో మాత్రం రెంటికీ కేంద్రకమే. జర్మన్లదీ గింజే, కెర్న్ అంటే పండులోని గింజ. ఇందరి మధ్య మనం ఒక్కళ్లమే పోలిక లేకుండా చోటు పేరుతో సరిపెట్టుకున్నాం. నాకూ తెనాలివారి బాధే.

విజయవాడ నుంచి

ఇరవై ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తున్నాను. గింజ పోలిక తరగతిలో ఎక్కడ ఇరుక్కుంటుందో నాకు బాగా తెలుసు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మొదటి ఇబ్బంది పుచ్చకాయ. జె.జె. థామ్సన్ 1897లో కేంబ్రిడ్జిలో ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాడు. 1904లో పరమాణువుకు ఒక రూపం ఊహించాడు: ధనావేశం గోళమంతా పరుచుకుని ఉంటుంది, అందులో ఎలక్ట్రాన్లు పొదిగి ఉంటాయి. మన పుస్తకాల్లో దీన్ని పుచ్చకాయతో పోలుస్తారు. గుజ్జు ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. ఇప్పుడు మీరే చెప్పండి. సోమవారం పాఠంలో గింజ అంటే ఎలక్ట్రాన్, బుధవారం పాఠంలో గింజ అంటే న్యూక్లియస్ అయితే పిల్లవాడు ఏమైపోవాలి? పరీక్ష పేపర్లలో ఈ తికమక ఏటా చూస్తున్నాను.

రెండోది, ఇదే అసలు సంగతి: కేంద్రకం దొరికినప్పుడు దాన్ని కనిపెట్టినాయన గింజ అనలేదు.

ఆయన రూథర్‌ఫర్డ్. మాంచెస్టర్‌లో ఆయన దగ్గర గైగర్ పనిచేసేవాడు. మార్స్‌డెన్ ఇంకా డిగ్రీ చదువుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడు. పలచటి లోహపు రేకు మీదికి ఆల్ఫా కణాలను (రేడియోధార్మిక పదార్థాల నుంచి వేగంగా వెలువడే ధనావేశపు కణాలను) పంపి, అవి జింక్ సల్ఫైడ్ తెరకు తగిలినప్పుడు వచ్చే మిణుకులను సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు. చీకటి గదిలో కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఊరికే కూర్చుని, అప్పుడు మొదలుపెట్టేవారు. వెనక్కి తిరిగొచ్చేవి ఏమైనా ఉన్నాయేమో చూడమని మార్స్‌డెన్‌కు పని ఇచ్చారు. ఉన్నాయి! 1909లో ప్లాటినం మీద సుమారు 8,000కు ఒకటి వెనక్కి వచ్చినట్టు రాశారు.

తర్వాత రూథర్‌ఫర్డ్ లెక్క మొదలైంది. ఒక సెంటీమీటరులో లక్షకు నాలుగు వంతుల మందం ఉన్న బంగారు రేకులోంచి ఆల్ఫా కణాలు వెళ్తే, వాటి దారిలో ఎక్కువగా కనిపించే వంపు 0.87 డిగ్రీలు. డిగ్రీ కూడా లేదు. అదే రేకులో 20,000కు ఒకటి సుమారు 90 డిగ్రీలు తిరుగుతోంది. థామ్సన్ చెప్పినట్టు చిన్న చిన్న తోపులు చాలా కలిస్తే పెద్ద వంపు వస్తుందా? లెక్కేస్తే ఆ అవకాశం దాదాపు సున్నా. అంటే ఆ మలుపు ఒకే పరమాణువులో, ఒకే ఒక్క దెబ్బతో వచ్చి ఉండాలి. అంత దెబ్బ కొట్టాలంటే ఆవేశమంతా ఒక్కచోట, చాలా చిన్న చోటులో, పోగై ఉండాలి.

1911 మే నెలలో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో ఆ వ్యాసం వచ్చింది. అందులో ఆయన వాడిన మాటకు తెలుగు చేస్తే 'కేంద్ర ఆవేశం', మధ్యనున్న ఆవేశం. న్యూక్లియస్ అన్న మాట ఆ వ్యాసంలో లేదు. ఆ ఆవేశం ధనమో ఋణమో కూడా ఆయన తేల్చలేదు. తన లెక్కకు రెంటిలో ఏదైనా ఒకటేనని, సౌకర్యం కోసం ధనం అనుకుందామని రాశాడు. అప్పటికి ఆయనకు గట్టిగా తెలిసినవి రెండే: అది మధ్యలో ఉంది, అది చాలా చిన్నది.

మన మాట చెప్పేదీ సరిగ్గా ఆ రెండే. మధ్యలో ఉన్నది కాబట్టి కేంద్రం. ఇక ఆ చివరి 'క' గురించి ఎవరైనా పండితులు చెప్పాలి.

కడప నుంచి

అమ్మా, ఆ 'క' గురించి నేను చెప్తాను. సంస్కృతంలో 'క' అనే ప్రత్యయం ఉంది. పాణిని 'అల్పే' అని ఒక సూత్రం, వెంటనే 'హ్రస్వే' అని ఇంకొకటి చెప్పాడు. కొంచెమైనది, పొట్టిది అనే అర్థాల్లో ఇది వస్తుంది. వృక్షం చిన్నదైతే వృక్షకం. ఆ లెక్కన కేంద్రకం అంటే చిన్న కేంద్రం. పలాస సోదరుడు చెప్పినట్టు న్యూక్లియస్‌లోనూ చిన్నతనపు ప్రత్యయమే ఉంది. లాటిన్ నుక్స్‌ను చిన్నది చేసింది, మనం కేంద్రాన్ని చిన్నది చేశాం.

ఇంకొకటి. కేంద్రం అచ్చమైన సంస్కృతం మాట అనుకుంటున్నారు అందరూ. కాదు. జ్యోతిషంతోపాటు గ్రీకునుంచి వచ్చింది. జాతకంలో 1, 4, 7, 10 స్థానాలను కేంద్రాలు అంటాం కదా, అవి ఆ దారిన వచ్చినవే. గ్రీకులో కెంత్రోన్ అంటే పొడిచే ముల్లు, ఎద్దును అదిలించే ముల్లుగర్ర. వృత్తం గీసేటప్పుడు వృత్తలేఖిని ముల్లు గుచ్చుకునే చోటుకు ఆ పేరు వచ్చింది. ఆటమ్ అనే మాట కూడా గ్రీకుదే, కోయరానిది అని. కాబట్టి తెనాలి అయ్యా, మీ అమ్మాయికి చెప్పండి: కేంద్రకంలో గింజ లేదు, ముల్లుగర్ర మొన ఉంది. పొలం పోలిక ఎక్కడికీ పోలేదు.

డాలస్ నుంచి

విజయవాడ టీచరుగారు చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. రూథర్‌ఫర్డ్ న్యూక్లియస్ అనడం మొదలుపెట్టింది మరుసటి ఏడాది, 1912లో. అప్పటికే ఆ మాటకు శాస్త్రంలో చాలా వయసుంది. మొక్కల కణాల్లో కనిపించేదానికి రాబర్ట్ బ్రౌన్ 1831లో ఆ పేరు పెట్టాడు. ఫారడే 1844లో పదార్థం గురించి ఊహిస్తూ, పరమాణువు మధ్యలో ఒక న్యూక్లియస్, చుట్టూ శక్తులు అన్న బొమ్మను చర్చకు పెట్టాడు. అంటే అది రూథర్‌ఫర్డ్ కోసం కొత్తగా ఏరుకున్న గింజ కాదు, అందుబాటులో ఉన్న పాత మాట. మన కేంద్రకం మాత్రం, ఎవరు అనుకున్నా అనుకోకపోయినా, 1911 నాటి వ్యాసంలోని మాటకే దగ్గరగా వచ్చి నిలబడింది. ఇది నాకు ఇప్పటిదాకా తట్టలేదు. చాలా సంతోషంగా ఉంది.

కరీంనగర్ నుంచి

అందరూ మంచిగ చెప్పిండ్రు, కాని నేను ఒప్పుకోను. పుస్తకంల కేంద్రకం ఉండనియ్యండి, తీసెయ్యమని నేను అంటలేను. కాని పోరగాండ్లకు మొదటిసారి చెప్పేటప్పుడు గింజ అనే చెప్పాలె. మా దిక్కు పల్లికాయ ఒలిచి చూపిస్తే సాలు, లోపల ఒకటి ఉంటది అని తెలుస్తది. పాణిని, గ్రీకు అంటే తొమ్మిదో తరగతి పిల్ల పారిపోతది.

విజయవాడ నుంచి

కరీంనగర్ తమ్ముడూ, నేనూ మొదట్లో వేరుశనగకాయే ఒలిచి చూపించేదాన్ని. ఎందుకు మానేశానో చెప్తాను. కాయ ఒలిస్తే గింజ లోపలంతా నిండి ఉంటుంది. బంగారం పరమాణువు వ్యాసం దాని కేంద్రకం వ్యాసానికి సుమారు 20,000 రెట్లు. పది సెంటీమీటర్ల మామిడిపండే పరమాణువు అనుకుంటే, అందులో కేంద్రకం మిల్లీమీటరులో రెండు వందలో వంతు, వెంట్రుక మందంలో పదో వంతు ఉంటుంది. దాన్ని టెంక అంటే పిల్లల కళ్లముందు ఏ బొమ్మ నిలుస్తుంది? పండంతా ఖాళీగా ఉండి, మధ్యలో కంటికి కనబడని చుక్క ఉండి, పండు బరువులో 99.97 శాతానికి పైగా ఆ చుక్కదే కావాలి. అలాంటి గింజ ఏ చెట్టునా కాయదు. ముల్లుగర్ర మొన అంటే మాత్రం నాకు నచ్చింది. రేపే తరగతిలో వృత్తలేఖిని గుచ్చి చూపిస్తాను.

మాట గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇంకొకటి అడగాలి. 'బంగారు రేకు' అంటే మా పిల్లలు ఇంటిమీది రేకుల షెడ్డు తలుచుకుంటారు. అంత మందాన్ని దాటి కణాలు ఎలా వెళ్లాయి టీచర్ అని అడుగుతారు. ఆ రేకు మందం మిల్లీమీటరులో రెండున్నర వేలో వంతు. దీనికి వేరే మాట ఉందా?

రావులపాలెం నుంచి

వేరే మాట ఎందుకండీ టీచరుగారూ, రేకు మంచి మాటే. పూరేకు అనమా? మా పక్కనే ఆత్రేయపురం. కాగుతున్న కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి అలా లాగితే పొరగా ఊడి వచ్చేది పూతరేకు. ఎదురుగా పెట్టుకుంటే అవతలి వెలుగు కనిపిస్తుంది. ఇంటి కప్పు రేకు నిన్నమొన్న వచ్చింది. పిల్లలకు ముందు పూతరేకు పెట్టి, అప్పుడు బంగారు రేకు పాఠం చెప్పండి. ఆల్ఫా కణాలు ఎలా దాటాయని మళ్లీ అడగరు.

పలాస నుంచి

మిఠాయిల మీద అతికించే వెండి పొరను వరఖు అంటారు కదా, బంగారు వరఖు అన్నా బాగుంటుంది. కానీ రావులపాలెంవారి పూతరేకు ముందు నా వరఖు ఆగదు. 'పలుకు' మాత్రం వదులుకోలేను. మాట అనీ అర్థం, లోపలి గింజ అనీ అర్థం. శాస్త్రంలో చోటు లేకపోతే కవిత్వంలో వాడుకుంటాను.

హైదరాబాద్ నుంచి

చర్చలోకి ఆలస్యంగా వచ్చాను. కేంద్రకం బాగానే ఉంది కానీ, అసలు చిక్కు అణుబాంబు దగ్గర ఉంది. పుస్తకంలో అణువు అంటే పరమాణువులు కలిస్తే ఏర్పడేది. పేలేదేమో పరమాణువు లోపలి కేంద్రకం. పత్రికల్లో మాత్రం అణుబాంబు, అణుశక్తి. దీన్ని ఎవరూ సరిచెయ్యరేం?

కడప నుంచి

అది తప్పు కాదు నాయనా, రెండు వాడుకలు కలిసి నడుస్తున్నాయి. పాతకాలం నుంచీ అణువు అంటే అతి చిన్నది అనే. పాత దర్శనాల్లో ఒకటైన వైశేషికంవాళ్లు రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్రసరేణువు అన్నారు. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసు అదే. పుస్తకాలు తరవాత అణువుకు ఒక ప్రత్యేకమైన పని అప్పజెప్పాయి. జనం పాత అర్థంలోనే వాడుతున్నారు. దీనికి వేరే చర్చ పెడదాం, ఇది ఆ అమ్మాయి ప్రశ్న.

తెనాలి నుంచి

అందరికీ దణ్ణాలు. ఇవాళ సాయంత్రం ఈ చర్చంతా అమ్మాయికి చదివి వినిపించాను. మిణుకులు లెక్కపెట్టిన చోట ఆపి, మార్స్‌డెన్ ఎన్ని లెక్కపెట్టాడు నాన్నా అని అడిగింది. వెతికితే దొరికింది: రూథర్‌ఫర్డ్ లెక్క నిజమో కాదో చూడడానికి ఆయనా గైగరూ ఇంకో రెండేళ్లు కూర్చున్నారు. 1913లో అచ్చైన వ్యాసం కోసం లక్షకు పైగా మిణుకులు లెక్కపెట్టారు. అది విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నోటుపుస్తకంలో వృత్తలేఖినితో పెద్ద వృత్తం గీసింది. మధ్యలో ముల్లు గుచ్చుకున్న చిల్లు పక్కన తెలుగులో కేంద్రకం అని రాసింది. తన పుస్తకంలో తెలుగు రాయడం నేను మొదటిసారి చూశాను.

టెంక మాట వెనక్కి తీసుకుంటున్నాను. కరీంనగర్ తమ్ముడూ, పల్లికాయ కూడా ఒలిచి చూపించాను. అది పాఠం వినకుండా తినేసింది.