తాటిచెట్లు గీసిన చేతికి కొమ్మలు కోసే పని ఎలా నేర్పించాలి?

ప్రశ్న:
మా తమ్ముడు నల్లగొండ జిల్లాలో పదేళ్లకు పైగా కల్లు కోసం తాటిచెట్లు గీశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల వాళ్లు పిలిస్తే వేప, తురాయి కొమ్మలు కొట్టి వస్తున్నాడు. మొన్న ఒక వేపచెట్టు మీద మోకు (ఒంటినీ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు) విప్పి పై కొమ్మకు మార్చుకుంటుండగా కాలు జారింది. చేతికందిన రెమ్మ పట్టుకుని బతికి బయటపడ్డాడు గానీ, ఆ రోజు నుంచి మా మరదలికి కంటి మీద కునుకు లేదు. గీత కార్మికులకు 2024 నుంచి చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు, వాటితో పాటు శిక్షణ అందుతున్నాయి. మరి కొమ్మలు కోసేవారు ముందుగా ఏమి నేర్చుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (డల్లాస్‌లో చెట్ల సంరక్షణ పనిలో ఉన్నాను):
మీ తమ్ముడి చేతిలో ఉన్నది చిన్న విద్య కాదండీ. ఒంటి బరువు మోకు మీద ఆన్చి రెండు చేతులూ ఖాళీ చేసుకోవడం కొత్తవారికి అంత తొందరగా పట్టుబడదు. అయితే తాటికి కొమ్మలుండవు కనుక మొదలు నుంచి తలదాకా మోకు విప్పే అవసరం రాదు. వేపకు ప్రతి కొమ్మ దగ్గరా విప్పక తప్పదు, మనిషి ఆధారం లేకుండా ఉండేది ఆ ఒక్క క్షణమే. అందుకే నడుము పట్టీకి రెండు తాళ్లుండాలి: ఒకటి పైన బిగించి, బరువు వేసి చూసుకున్నాకే రెండోది విప్పాలి. చైన్‌సా (గొలుసు రంపం) నడుపుతున్నంతసేపూ రెండూ బిగించే ఉంచాలి, ఎందుకంటే గొలుసు పొరపాటున ఒక తాడుకు తగిలితే నిలబెట్టేది రెండోదే. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ (చెట్ల సంరక్షణ నిపుణుల అంతర్జాతీయ సంఘం) వారు చెట్టెక్కే పనివారికి పెట్టే పరీక్షలో, పైన గాయపడి చిక్కుకున్న తోటివాణ్ణి కిందికి దించి చూపించడం కూడా ఒక భాగం. కాబట్టి ఆయన ఒంటరిగా పనికి వెళ్లకూడదు. కింద ఉండే మనిషికి కూడా ఎక్కడం రావాలి.

జవాబు 2 (విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను):
కొమ్మ తీగకు తగలకపోయినా, 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకు దగ్గరగా పోతే చాలు, ప్రాణం పోతుంది. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది. సెక్షన్ ఆఫీసులో చెప్పి, మా వాళ్లు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని లైనుకు ఎర్త్ చేసిన తరువాతే చెట్టెక్కమనండి. ఇంటివారు తొందరపెట్టినా వినవద్దు.

జవాబు 3 (ఉద్యానశాఖ విశ్రాంత ఉద్యోగిని):
కోత గురించి కూడా చెబుతాను. పెద్ద కొమ్మను పైనుంచి ఒకే కోతతో తెగ్గొడితే, అది పడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. మానుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి గాటు పెట్టి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించేయాలి. మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి కనిపించే పట్టీకి తగలకుండా, దాని వెలుపలే కోయాలి. ఆ పట్టీ పోతే గాయం మూసుకోవడం కష్టం. కోసిన చోట రంగు పూసే అలవాటు కూడా మానిపించండి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను చీల్చి చూసి, పూతలు కుళ్లును ఆపవని, చెట్టే లోపల గోడ కట్టుకుని కుళ్లును అడ్డుకుంటుందని చూపించారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రెండో తాడు కొనేదాకా తమ్ముణ్ణి చెట్టెక్కనివ్వను. మా వీధిలో గాలికి పడిన తురాయి కొమ్మ ఒకటుంది; ఈ ఆదివారం దాని పక్క రెమ్మల మీద దగ్గరుండి ఆ కోతలు చేయిస్తాను. పట్టీ ఏదో గుర్తుపట్టలేకపోతే ఫొటో తీసి ఇక్కడే పెడతాను.