25 వాట్ల ఫోనుకు 65 వాట్ల ఛార్జరు వాడవచ్చా?

ప్రశ్న:
మా ఇంట్లో 25 వాట్ల ఛార్జింగు తీసుకునే ఫోను, అమ్మాయి కాలేజీకి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన టైప్-సి ఛార్జరు పాడైపోయింది. దాని మీద 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంది. రెండింటికీ పనికొచ్చేలా రెండు పోర్టులున్న 65 వాట్ల ఛార్జరు కొందామనుకుంటే, అంత పెద్దది పెడితే ఫోను బ్యాటరీ దెబ్బతింటుందని షాపులో అన్నారు. అది నిజమేనా? ఛార్జరు మీద ఉన్న ఇన్ని అంకెల్లో దేన్ని చూసి కొనాలో దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
65 వాట్లన్నది ఆ ఛార్జరు ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తే తప్ప, తగిలించిన ప్రతిదానిలోకీ బలవంతంగా పంపే శక్తి కాదు. యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతిలో ఛార్జరు మొదట 5 వోల్టులే ఇచ్చి, తన దగ్గర ఇంకా ఏయే వోల్టేజీలు ఉన్నాయో ఫోనుకు తెలియజేస్తుంది. ఫోను తనకు సరిపడేదాన్ని అడిగిన తర్వాతే వోల్టేజీ పెరుగుతుంది. ఎంత కరెంటు తీసుకోవాలో నిర్ణయించుకునేది కూడా ఫోనే. కాబట్టి ఆ విషయంలో మీరు భయపడనవసరం లేదు.

ఛార్జరు మీద సన్నని అక్షరాల్లో ఉండే ఇన్‌పుట్ వరుసలో 100–240 వోల్టులు అని ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు సరిపోతుంది. మీరు శ్రద్ధగా చదవవలసింది అవుట్‌పుట్ వరుస. అక్కడ 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 3 ఆంపియర్లు, ఇలా 20 వోల్టులు 3.25 ఆంపియర్ల వరకు జతలు ఉంటాయి; ఒక్కో జతను గుణిస్తే వాట్లు వస్తాయి. అంటే 65 అన్నది చివరి జతకే వర్తిస్తుంది, 9 వోల్టుల దగ్గర అదే ఛార్జరు ఇచ్చేది 27 వాట్లే. మీ ల్యాప్‌టాప్‌కు ఆ చివరి జత ఉండి తీరాలి.

సమాధానం 2:
రెండు పోర్టుల సంగతి కూడా చూసుకోండి. నేను కొన్న 65 వాట్ల ఛార్జరులో రెండో పోర్టుకు ఫోను తగిలించగానే ల్యాప్‌టాప్ ఛార్జింగు ఒక క్షణం ఆగి, మళ్లీ 45 వాట్లతో మొదలవుతుంది. మిగిలిన 20 వాట్లు ఫోనుకు వెళతాయి. ఈ పంపకం వివరం పెట్టె మీద ఉంది కానీ, కొనేటప్పుడు నేను గమనించలేదు. రెండూ ఒకేసారి పెట్టే అలవాటుంటే 100 వాట్లది తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

కేబుల్‌ను కూడా తేలికగా తీసుకోవద్దు. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లకే పరిమితం, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 3.25 ఆంపియర్లు కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉండే 5 ఆంపియర్ల కేబుల్ తప్పనిసరి.

సమాధానం 3:
కొన్ని ఫోన్లు తమ పూర్తి వేగం అందుకోవాలంటే ఛార్జరులో పీపీఎస్ అనే సదుపాయం ఉండాలి. వోల్టేజీని చిన్న చిన్న మెట్లలో సర్దే ఏర్పాటు అది; అవుట్‌పుట్‌లో 3.3–11 వోల్టులు అన్నట్లు ఒక శ్రేణిగా కనిపిస్తుంది. అలాగే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూసి, ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఫోను పాత ఛార్జరును టార్చి వెలుగులో చూస్తే 9 వోల్టులు 2.77 ఆంపియర్లు అనీ, దాని కిందే పీపీఎస్ అనీ ఉంది. రాత్రిళ్లు రెండూ కలిపే పెడతాము కనుక, పీపీఎస్ ఉన్న 100 వాట్ల ఛార్జరు, 5 ఆంపియర్ల కేబుల్ తీసుకుంటాను.