చాక్ పెయింట్ వేసిన చిన్న బల్ల: ఎన్ని పూతలేసినా పసుపు మచ్చలు పైకొస్తున్నాయి, సాయం చేయండి

కాకినాడ కాజా:
పొద్దున్నుంచీ దీంతోనే సరిపోయింది, ఇక నా వల్ల కాదు. పాత సొరుగు బల్ల ఒకటి ఉంది, మంచం పక్కన పెట్టుకునేంత చిన్నది. వీడియోలు చూసి చాక్ పెయింట్, అదే ఆరాక సుద్దలా మెరుపు లేకుండా ఉండే రంగు, వేద్దామని మొదలుపెట్టాను. రుద్దక్కర్లేదు, కింద ప్రైమర్ పూత అక్కర్లేదు, రెండు పూతలు చాలు అని అందరిదీ ఒకటే పాట. మొదటి పూత ఆరాక పైపలక మీద పసుపు మచ్చలు తేలాయి. పలచగా పడిందేమోనని ఇంకో పూత వేశాను. తడిగా ఉన్నంతసేపూ తెల్లగానే ఉంది. ఆరేసరికి మళ్లీ మచ్చలు, ఈసారి ఇంకా పెద్దవి, టీ ఒలికినట్టు. ఆ తర్వాత వేసిందీ అంతే. కాళ్లకేమో ఒక్క మచ్చ కూడా లేదు. రంగు నకిలీదా? ఇంట్లో చెమ్మా? ఆదివారమంతా పోయింది, తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

చెక్కపని:
మచ్చ కాదు. కర్రలోని రంగు. చపడా, అదే లక్క పాలిష్, రెండు కోటింగులు కొట్టి మళ్లీ రంగు వేయండి.

సీసం లేని ఇల్లు:
అమ్మా, ముందు ఒక్క మాట. పాత బల్ల అన్నారు. దాని మీద పాత రంగేమైనా ఉందా? ఉంటే దయచేసి పొడిగా రుద్దకండి. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, దాటకూడదన్న నిబంధన 2016లో తెచ్చారు, అది అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఎనామెల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో ఎంత సీసం ఉందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. ఉప్పు కాగితం పెట్టి పరపరా రుద్దితే ఆ దుమ్మంతా నేలమీద పడుతుంది. పాకే పిల్లలుంటే నేరుగా నోట్లోకే. నీళ్లతో తడిపి రుద్దాలి, తడి గుడ్డతో తుడవాలి, చీపురు పట్టకూడదు, ఆ గుడ్డ మళ్లీ వాడకూడదు. చాక్ పెయింట్ వీడియోల్లో ఈ ముక్క ఒక్కరూ చెప్పరు.

కాకినాడ కాజా:
నేను అసలు రుద్దలేదండీ. పైపలకకి రంగు లేదు, ఎప్పటిదో పాలిష్, అదీ చాలావరకు పోయింది. కాళ్లకి మాత్రం ఆకుపచ్చ ఎనామెల్ ఉంది, మా పెద్దమ్మ వాళ్లు వేయించారు. నా ప్రశ్న మచ్చల గురించి.

సీసం లేని ఇల్లు:
ఆకుపచ్చ ఎనామెలా! నేను భయపడింది దాని గురించే. ఏ సంవత్సరంలో వేయించారు?

చెక్కపని:
కాళ్లకి ఎనామెల్ ఉంది కాబట్టే మచ్చ రాలేదు. కర్రలోని రంగు దాని కింద మూసుకుపోయింది. పైపలక తెరిచి ఉంది.

పాత బంగారం:
నాకు అర్థంకానిది ఒకటే. పాత కర్ర బల్లకి తెల్లరంగు ఎందుకు? మన ఇళ్లలో కర్రని కర్రలా చూడటం మానేశాం. ఏటికొప్పాక వెళ్లి చూడండి, అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క పూస్తారు, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి. ఏళ్లు గడిచినా ఆ మెరుపు పోదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది మనది. ఈ సుద్దరంగు ఇంగ్లండు నుంచి వచ్చిన మోజు. చక్కటి బల్లని పాతదానిలా కనిపించేలా చేయడానికి రంగేసి, మళ్లీ అంచుల్లో గీకడం! అది అసలే పాతది కదా.

కాకినాడ కాజా:
అన్నయ్యగారూ, పాలిష్ పోయి నల్ల మరకలు పడ్డాయి. రంగు వేయకపోతే పాత సామాన్ల బండికి పోయేది.

ఎడిసన్ తెలుగు:
మాది న్యూజెర్సీ, ఇక్కడ ఈ పని చాలా చేశాను. పాత బంగారం గారన్నట్టు చాక్ పెయింట్ ఇంగ్లండుదే. 1990లో ఆనీ స్లోన్ అనే ఆవిడ తయారుచేశారు, ఆ పేరు ట్రేడ్‌మార్క్ కూడా. ఆరితే సుద్దలా మెరుపు లేకుండా ఉంటుంది, దాదాపు దేనికైనా అంటుకుంటుంది. అందుకే ప్రైమర్ అక్కర్లేదంటారు. కానీ అంటుకోవడం వేరు, మరక ఆపడం వేరు. ఇది నీళ్లతో చేసిన రంగు. పూసినప్పుడల్లా కర్ర తడుస్తుంది, అందులోని రంగు పదార్థాలు నీళ్లలో కరిగి పైకొస్తాయి, నీరు ఆవిరైపోయాక అవి పైనే మిగిలిపోతాయి. అందుకే తడిగా ఉన్నప్పుడు కనిపించక, ఆరాక కనిపిస్తాయి. ఇంకో పూత వేస్తే ఇంకోసారి తడిపినట్టే. మా దగ్గర షెల్లాక్, అంటే చపడాతో చేసిన ప్రైమర్ డబ్బాల్లో దొరుకుతుంది, రెండు పూతలతో ఆగిపోతుంది. ఇంతకీ మీరు వాడిన రంగు ఏ రకం?

కాకినాడ కాజా:
ఇంట్లోనే కలిపానండీ. గోడలకి వేయగా మిగిలిన తెల్ల ఎమల్షన్ మూడు వంతులు, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ఒక వంతు, నీళ్లు ఒక వంతు. కాసేపటికే గడ్డలు కట్టింది, ఇంకొంచెం నీళ్లు పోశాను.

గోదారి గట్టు:
అయితే అది చాక్ పెయింటే కాదు.

ఎడిసన్ తెలుగు:
ఇంట్లో కలుపుకున్నదాన్నీ అందరూ అలాగే అంటారు. కంపెనీదైనా ఈ మచ్చలు వచ్చేవే.

గోదారి గట్టు:
బడిలో నల్లబల్లకి వేసేది కదా చాక్ పెయింటంటే? మా తమ్ముడు పిల్లల గదిలో గోడకి వేయించాడు, సుద్దముక్కతో రాసుకుంటారు.

ఎడిసన్ తెలుగు:
అది చాక్‌బోర్డ్ పెయింట్. వేరే సరుకు, వేరే పని. కొట్లో చాక్ పెయింట్ అని అడిగితే చాలాచోట్ల అదే చేతిలో పెడతారు, చూసుకోవాలి. కాజా గారూ, పీఓపీ నీళ్లు తగిలిన కాసేపటికే గట్టిపడటం మొదలవుతుంది. పోసిన కొద్దీ నీళ్లు పోస్తే రంగు బలం పోయి గోరుకే రాలుతుంది. దాని బదులు మెత్తటి సుద్ద పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, జల్లించి కలిపితే గడ్డకట్టదు. ముందు పొడిని నీళ్లలో పేస్టులా కలిపి తర్వాత రంగులో వేయాలి.

వైజాగ్ వానలు:
ఇదంతా చెమ్మే. మా ఇంట్లోనూ ఇంతే. మిట్టమధ్యాహ్నం ఎండలో మూడు రోజులు పెట్టండి, దెబ్బకి పోతాయి.

చెక్కపని:
ఎండలో పెడితే పలక వంగుతుంది, సొరుగు బిగుసుకుపోతుంది. పెట్టొద్దు.

వైజాగ్ వానలు:
మా బల్ల వంగలేదే.

చెక్కపని:
సంతోషం.

కాకినాడ కాజా:
సాయంత్రం కొట్టుకి వెళ్లి చపడా అడిగాను. అతను లక్కర్ డబ్బా ఇచ్చాడు. రెండూ ఒకటే మేడమ్, ఇది కొత్త రకం అన్నాడు. తెచ్చాను, వేసేయనా?

చెక్కపని:
వేయొద్దు. మూత తీయకపోతే తిరిగిచ్చేయండి.

గోదారి గట్టు:
లక్క, లక్కర్ ఒకటే కదండీ, పేరులోనే ఉంది. మా ఊళ్లో పాలిష్ మేస్త్రీలు అన్నిటినీ పాలిష్ అనే అంటారు.

ఎడిసన్ తెలుగు:
ఒకటి కాదండీ. మీ కొట్లో ఇచ్చింది బహుశా ఎన్‌సీ లక్కర్, అంటే నైట్రోసెల్యులోజ్. దాన్ని కరిగించే థిన్నర్ చాలా ఘాటుది. ఎమల్షన్ మీద పడితే రంగు ముడతలు పడి లేచిపోవచ్చు. చపడా అంటే లక్క పురుగు ఇచ్చే జిగురు, స్పిరిట్‌లో కరుగుతుంది. వార్నిష్ మళ్లీ మూడోది. కొట్టువాడు ఏ పేరుతో పిలిచినా, దేనితో పలచన చేస్తారో అడగండి. స్పిరిట్ అంటే చపడా, థిన్నర్ అంటే లక్కర్, టర్పెంటైన్ అంటే వార్నిష్.

పాత బంగారం:
మంచి మాట చెప్పారు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది ఆ పురుగు. జార్ఖండ్‌లో ఎక్కువ. రాంచీ దగ్గర లక్క మీద పరిశోధనకే 1924లో ఒక సంస్థ పెట్టారంటే దాని విలువ అర్థంచేసుకోండి. ఒకప్పుడు గ్రామఫోను రికార్డులు కూడా దాంతోనే చేసేవారు. అలాంటి లక్కని తీసుకెళ్లి తెల్లరంగు కింద దాచడం ఏమిటో. ఎలాగూ లక్క కొంటున్నారు, ఆ రంగు గీకించి లక్క పాలిషే పట్టించండి!

సీసం లేని ఇల్లు:
గీకించడం అన్నారు. గీకితే దుమ్ము ఎక్కడికి పోతుంది?

పాత బంగారం:
పైపలకకి ఎనామెల్ లేదని ఆవిడే చెప్పారు కదా సార్.

సీసం లేని ఇల్లు:
కాళ్లకి ఉంది.

ఎడిసన్ తెలుగు:
కాజా గారూ, అది ఏ కర్ర? టేకు కూడా మరక వదులుతుంది కానీ ఇంత ముదురు పసుపు కొంచెం వింతగా ఉంది.

కాకినాడ కాజా:
టేకు కాదండీ. తాతయ్య చేయించింది, ఏగిస అనేవారు. ఆ దుంగలో మిగిలిన ముక్కతోనే షుగరుకి గ్లాసు కూడా చేయించుకున్నారు. రాత్రి నీళ్లు పోసి ఉంచి పొద్దున్నే పరగడుపున తాగేవారు. అది ముఖ్యమా?

చెక్కపని:
అదే ముఖ్యం. ముందే చెప్పాల్సింది.

ఎడిసన్ తెలుగు:
ఆ గ్లాసులో నీళ్లు పొద్దునకల్లా ఏ రంగులోకి మారేవో గుర్తుందా? అదే ఇక్కడ జరుగుతోంది! ఏగిస కర్ర తడి తగిలితే పసుపు వదులుతుంది, దాని స్వభావమే అంత. మీ రంగులో సగం నీళ్లు. పైన పాలిష్ కూడా పోయిందన్నారు, అంటే అడ్డం ఏమీ లేదు. ఎమల్షన్ పది పూతలు వేసినా ఇంతే.

కాకినాడ కాజా:
గోధుమరంగులోకి వచ్చేవి. ఎండలో పట్టుకుంటే అంచున నీలంగా మెరిసేవి, చిన్నప్పుడు మేం అదే చూసేవాళ్లం.

గోదారి గట్టు:
మా మావయ్య గారు కూడా ఏగిస గ్లాసు వాడారు, షుగరు బాగా తగ్గింది. ఇప్పుడు ఆ గ్లాసులు ఎక్కడ దొరుకుతాయి?

వైజాగ్ వానలు:
అరకు వైపు దారిలో అమ్ముతారు. కానీ నకిలీలు ఎక్కువ, ఏదో కర్రకి రంగు పూసి ఇస్తారు.

సీసం లేని ఇల్లు:
రంగు పూసిన గ్లాసులో నీళ్లు తాగుతారా! అయినా గ్లాసు నమ్ముకుని షుగరు మాత్రలు మానొద్దు. డాక్టరు ఇచ్చినవి ఇచ్చినట్టు వేసుకోవాలి.

గోదారి గట్టు:
మానమని ఎవరన్నారండీ.

పాత బంగారం:
ఏగిసని కొన్నిచోట్ల పెద్దేగి అంటారు, ఎర్రచందనం కూడా దీని కుటుంబమే. కోస్తే చెట్టు నుంచి ఎర్రటి జిగురు కారుతుంది. అలాంటి కర్రకి గోడల రంగు. నేనిక మాట్లాడను.

చెక్కపని:
విషయానికొద్దాం. ఒక్కసారే రాస్తాను, అందరూ సలహాలిచ్చేసరికి ఆవిడ బల్ల పాడవుతుంది.

ఇప్పుడున్న రంగు గీకక్కర్లేదు. ఒక రోజు ఆరనివ్వండి. గోరుతో గీస్తే పెళ్లలుగా రాలేచోట మాత్రం తీసేయండి. నూరు గ్రాముల చపడా రేకులు, అర లీటరు పాలిష్ స్పిరిట్. గాజు సీసాలో పోసి రాత్రంతా ఉంచండి, మధ్యలో కుదపండి. ఇనప డబ్బా వద్దు, నల్లబడుతుంది. కరిగాక కదపకుండా ఉంచితే చపడాలోని మైనం అడుక్కి దిగుతుంది, పైన తేరిన తేట వంచుకోండి. ఆ మైనం ఉంటే దానిమీద నీళ్ల రంగు సరిగా పట్టదు.

పొయ్యి, అగరుబత్తి, దీపం ఏవీ దగ్గర్లో ఉండకూడదు, కిటికీలు తీసి ఉంచాలి. మెత్తటి కుంచెతో పలచగా, ఒకేవైపుకి లాగండి. లాగిన చోట మళ్లీ లాగితే కింది పూత కరిగి లేస్తుంది. కొత్తగా పట్టేవాళ్లందరూ పాడుచేసుకునేది ఇక్కడే. మొదటి పూతలో కొంచెం పసుపు తేలొచ్చు, కంగారొద్దు. గంటాగి రెండోది. అంచులు, పలక కొసలు మర్చిపోవద్దు, ఎక్కువ తాగేవి అవే. వాన ముసురు పట్టిన రోజు వేయొద్దు, చపడా తెల్లగా మసకబారుతుంది. మర్నాడు మీ రంగు వేసుకోండి.

ఎడిసన్ తెలుగు:
చాలా బాగా చెప్పారు. నాది ఒక్కటే చేర్పు. వీడియోల్లో పైన మైనం రాయమంటారు. మన ఎండలకి అది మెత్తబడుతుంది, వేడి గ్లాసు పెడితే గుండ్రంగా అచ్చు పడుతుంది. మంచం పక్క బల్ల కాబట్టి నీళ్లతో కలిపే పీయూ (పాలీయురేథేన్) క్లియర్, అంటే రంగు లేని పైపూత, మెరుపు లేని రకం, రెండు పూతలు వేయండి. నూనెతో చేసిన పీయూ తెల్లరంగు మీద పసుపెక్కుతుంది, అది వద్దు. మైనం ఇంకా రాయలేదు కదా?

కాకినాడ కాజా:
కాళ్లకి రాశానండీ, అవి బాగున్నాయని. తేనె మైనం కరిగించి కొబ్బరినూనె కలిపాను. ఇప్పటికీ జిడ్డుగానే ఉన్నాయి, దుమ్ము అంటుకుంటోంది.

చెక్కపని:
కొబ్బరినూనె ఎప్పటికీ ఆరదు. టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. గుడ్డ నలుపుతూ తిప్పండి, లేకపోతే జిడ్డు పక్కకి పోతుంది. తుడిచాక ఒకరోజు ఆరనిచ్చి పీయూ వేయండి.

సీసం లేని ఇల్లు:
తుడిచేటప్పుడు కింది ఆకుపచ్చ రంగు ఊడితే ఆపేయండి. చేతులకి తొడుగులు వేసుకోండి.

కాకినాడ కాజా:
సరేనండీ. కొట్టువాడు లక్కర్ వెనక్కి తీసుకోలేదు, నన్నే ఉంచుకోమన్నాడు.

(నాలుగు రోజుల తర్వాత)

కాకినాడ కాజా:
మెయిన్ రోడ్డులో పాలిష్ సామాన్ల కొట్లో చపడా దొరికింది. రెండు కోటింగులు వేశా, నిన్న తెల్లరంగు వేశా, ఇప్పటిదాకా మచ్చ రాలేదు. సొరుగు లోపల వేయలేదు, అలాగే ఉంచేస్తా. థ్యాంక్స్ అందరికీ.

పాత బంగారం:
సొరుగు లోపలైనా కర్ర మిగిలింది.

గోదారి గట్టు:
ఆ షుగరు గ్లాసు ఇంకా మీ దగ్గరే ఉందా అమ్మా?

మెదక్ మల్లె:
ఇదంతా చదివాను. మా ఇంట్లో ఇనప బీరువా ఉంది, అక్కడక్కడ తుప్పు పట్టింది. దానికి ఈ చాక్ పెయింట్ వేయొచ్చా? తుప్పు పైకి వస్తుందా?

సీసం లేని ఇల్లు:
పాత బీరువానా? ఏ రంగులో ఉంది?