బేదులు తగ్గుతుండగా జ్వరం మళ్లీ వస్తే (ఏడాదిలోపు పిల్లలు)

తుంగభద్ర_కర్నూలు: పిల్లలకు బేదులు తెచ్చే రోటా వైరస్‌లో జ్వరం, వాంతులు మొదటి రెండు రోజులే జోరు. నీళ్ల బేదులు వారం దాకా సాగొచ్చు. జ్వరం విడిచి, ఒకరోజు ఆగి మళ్లీ కాస్తే మాత్రం "ఇంకా వైరస్సేలే" అని వదలొద్దు. పేగు పొర దెబ్బతిన్న చోటు నుంచి లోపలుండే ఈ.కోలి, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా రక్తంలోకి దిగొచ్చు. అరుదే, కానీ నెలల బిడ్డకు గంటల్లో ముదురుతుంది.

పెన్న_ఒడ్డు: ఆ "అరుదే" గట్టిగా చెప్పండన్నా. లేకుంటే మొదటిరోజే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ సిరప్ కొనేస్తారు. వైరస్‌కు అది పనిచేయదు, బేదులు పెంచుతుంది కూడా.
మళ్లీ జ్వరమొస్తే మూత్రం కూడా చూపించాలి. అంటించే సంచిలో పట్టింది కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) దండగ, మలంలోని క్రిములు కలిసిపోతాయి. సన్న గొట్టం వేసి తీయాలి.

గండికోట_ల్యాబ్: రక్తం కల్చర్‌కు కనీసం 1 మి.లీ., అదీ యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే. పడ్డాక తీస్తే క్రిమి ఉన్నా పెరగకపోవచ్చు. సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్ష) కూడా మొదటి కొన్ని గంటల్లో మామూలుగానే ఉండొచ్చు. అలాగని రిపోర్టు వచ్చేదాకా మందు ఆపమని కాదు, రక్తం తీసిన వెంటనే మొదలుపెట్టాలి.

ధర్మవరం_ఆశా: ఊర్లో ఏం చూసి బయల్దేరమని చెప్పాలక్కా?

తుంగభద్ర_కర్నూలు: మాడు గుంటపడి, ఆరేడు గంటలు మూత్రం పోయకుంటే ఒంట్లో నీరు తగ్గినట్టు. మలంలో రక్తం, రొమ్ము పట్టకపోవడం, రొప్పు, మత్తు ఉంటే ఇంట్లో ఆగొద్దు. రొమ్ము ఎముక మీద వేలితో 5 సెకన్లు నొక్కి వదలండి. 3 సెకన్లలో రంగు తిరిగి రాకుంటే 108కి ఫోన్ చేయండి. మూడు నెలల్లోపు బిడ్డకైతే 100.4 జ్వరం ఒక్కటి చాలు. కొందరికి జ్వరం బదులు ఒళ్లే చల్లబడుతుంది. ఉండుండి కాళ్లు ముడుచుకుని ఏడుస్తూ ఎర్రటి జిగురు పోతుంటే పేగు పేగులో దూరి ఉండొచ్చు, సర్జన్ ఉన్నచోటికే తీసుకెళ్లాలి.

పెన్న_ఒడ్డు: ఓఆర్‌ఎస్ ఎలా కలిపారో కూడా అడగమ్మా. చిన్న ప్యాకెట్ 200 మి.లీ.కి, పెద్దది లీటరుకు. పెద్దది గ్లాసుడు నీళ్లలో కలిపితే సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి, ఒక్కోసారి జ్వరమూ వస్తుంది. అందుకే కల్చర్‌తోపాటు రక్తంలో సోడియం పరీక్ష కూడా పంపాలి. జింకు 2-6 నెలలకు రోజుకు 10 మి.గ్రా., ఆపైన 20, బేదులు ఆగినా 14 రోజులు. తల్లిపాలు ఆపొద్దు. వస, గ్రైప్ వాటర్ మాత్రం పక్కన పెట్టించు.