హరికథ ఎంపీత్రీ చేస్తే ముక్కల మధ్య ఖాళీ: ఎలా పోగొట్టాలి?

బరంపురం నుంచి అడుగుతున్నాను. టేపు నుంచి ఎక్కించిన హరికథను ఘట్టాలవారీగా కోశాను, 44.1 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే) ఫైళ్లలో అతుకే తెలియదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఫైలు మార్పిడి ప్రోగ్రాంలో, లేమ్ అనే ఎంపీత్రీ ఎన్‌కోడరుతో 192 కేబీపీఎస్ ఎంపీత్రీ చేస్తే ప్రతి అతుకు దగ్గరా తాళం తెగుతోంది. ఎంపీత్రీ ధ్వనిని ఫ్రేములనే చిన్న తునకలుగా దాస్తుంది; ఫ్రేముకు 1152 శాంపిళ్లు (ధ్వని కొలతలు), అంటే సుమారు 26 మిల్లీసెకన్లు కదా. చివరి ఫ్రేము నిండకపోతే లేమ్ దాన్ని నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ కొంత చేరుస్తుంది. ఎంత చేర్చిందో ఆ లెక్క ఫైలు మొదట్లోని లేమ్ హెడర్‌లో ఉంటుంది. కంప్యూటర్లోని ఫూబార్2000 ప్లేయరు దాన్ని చదివి సరిగ్గా కలుపుతోంది, ఇంట్లో పెద్దవాళ్లు వినే పెన్‌డ్రైవ్ స్పీకరు చదవదు. మొత్తం ఒకే ఫైలుగా ఇస్తే కావలసిన ఘట్టం వాళ్లకు దొరకదు.

ముందు కథంతా ఒకే ఎంపీత్రీ చేసి, తర్వాత ఎంపీత్రీడైరెక్ట్‌కట్‌తో (మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఎంపీత్రీని కోసే ప్రోగ్రాం) ఫ్రేము హద్దుల దగ్గర కోస్తే సరిపోతుందా? కోసిన చోట ముందు ఫ్రేములోని డేటా తెగిపోకుండా బిట్ రిజర్వాయర్ (ఒక ఫ్రేము డేటాను ముందు ఫ్రేముల్లో మిగిలిన చోట దాచే పద్ధతి) ఆపాలా? ఆపితే 192 చాలునా, 256కి వెళ్లాలా? మృదంగం దెబ్బ పలచబడకూడదు, అదే నా పట్టుదల. ఇలాంటి స్పీకర్లలో వినిపించి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.