‘బొంకు’ మొరటు మాటా?

ప్రశ్న:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. అమ్మమ్మ గురించి రాసిన వ్యాసంలో ‘పాలు ఎవరు తాగారే? బొంకకు, మీసాలు కనబడుతున్నాయి’ అని ఒక వాక్యం ఉంది. బడిలో ‘బొంకకు’ కింద ఎర్రగీత గీసి, ‘మొరటు మాట, అబద్ధం అని రాయాలి’ అన్నారట. కోనసీమలో మా అమ్మ నోట రోజూ వినే మాట అది. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. నిజంగా అది రాయకూడని మాటా?

జవాబు 1:
కాదమ్మా. పోతన భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి ఏయే సందర్భాల్లో ‘బొంకవచ్చు’నో చెప్తాడు. గురువు రాజుతో మాట్లాడిన మాట మొరటు ఎలా అవుతుంది? బొంకు మన తెలుగు మాట. అబద్ధం సంస్కృతం నుంచి వచ్చింది. బద్ధం అంటే కట్టినది, అబద్ధం అంటే కట్టుబడనిది, పొంతన లేనిది. తెలుగులో అది ‘నిజం కానిది’గా స్థిరపడింది. ‘అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి’ అనే సామెత విన్నప్పుడల్లా నాకు ఆ పాత అర్థమే గుర్తొస్తుంది. ఇంకొకటి, బొంకు తనే క్రియ కూడా. బొంకాడు, బొంకకు అంటే సరిపోతుంది. అబద్ధానికైతే ‘ఆడు’, ‘చెప్పు’ తోడు కావాలి. కోప్పడే అమ్మమ్మకు అంత తీరిక ఎక్కడిది?

జవాబు 2:
మాది కరీంనగర్. మా ఇంట్లో ‘జూటా మాటలు చెప్పకు’ అంటారు, ఉర్దూ నుంచి వచ్చింది. బొంకుడు కూడా వింటాం. ‘కల్ల’ను మాత్రం మరిచిపోకండి. ‘నా కల కల్లయింది’ అంటాం, అక్కడ మోసం చేసినవాళ్లెవరూ లేరు, అనుకున్నది జరగలేదు, అంతే. ‘కల బొంకయింది’ అనం కదా. బొంకడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి నిజం తెలిసి ఉండాలి. ఈ తేడా చూపించే మాటను పిల్లల చేత కొట్టేయిస్తే నాకు బాధగా ఉంటది.

జవాబు 3:
టీచర్ వైపు నుంచి ఒక మాట. ఇప్పుడు పట్టణాల్లో బొంకు వాడేవాళ్లు తగ్గారు. ‘బొంకుతున్నావా’ అంటే ‘అబద్ధం చెప్తున్నావా’ కన్నా గట్టిగా తగులుతుంది. పరీక్ష పేపర్‌లో మార్కులు పోతాయేమోనని వాళ్లకూ టెన్షన్ ఉంటుంది. కానీ ఇక్కడ అది అమ్మమ్మ సంభాషణ, మార్చకూడదు. వేరే చోట అబద్ధం అని రాస్తే ‘ద’ కింద ‘ధ’ వత్తు ఉండేలా చూసుకోమనండి. చాలామంది అక్కడే తప్పు రాస్తారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు అమ్మాయికి చదివి వినిపించాను. ‘అబద్ధం చెప్పకు అని రాస్తే అది అమ్మమ్మ కాదు, నువ్వు’ అంది. నిజమే, నేను అలాగే అంటాను. వ్యాసం మళ్లీ రాసింది, ఆ వాక్యం అలాగే ఉంచింది. రేపు తనే టీచర్‌కి చూపిస్తానంటోంది.